క్యాబినెట్‌లో తలా ఒక రంగు: ఆర్‌జీబీ లైట్లను ఒక్క తాటి మీదికి తేవడం ఎట్లా?

పోయిన దసరా సెలవుల్లో రామగిరి నుంచి ఒక ఇంజినీరింగ్ పిల్లగాడు తన కంప్యూటర్ క్యాబినెట్‌ను దుప్పట్లో చుట్టి, స్కూటీ ముందర పెట్టుకుని మా గదికి తెచ్చాడు. సామానంతా సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొని, యూట్యూబ్ చూసుకుంటూ తనే బిగించుకున్నాడట. ఆన్ చేసి చూస్తే ముందరి మూడు ఫ్యాన్లు వాటి ఇష్టమొచ్చినట్టు ఇంద్రధనుస్సు తిప్పుతున్నాయి. వెనక ఫ్యాన్‌ను తెలుపు అడిగితే గులాబీ చూపిస్తోంది. రెండు ర్యామ్ స్టిక్కుల్లో ఒకటి ఎరుపు, ఒకటి ఊదా. ప్రాసెసర్ మీది కూలర్ మాత్రం ఎవరేమన్నా నీలమే.

"అన్నా, విండోస్ రెండుసార్లు ఎక్కించిన. అయినా గిట్లనే ఉంది" అన్నాడు.

విండోస్ పాపం ఏం చేసింది! ఆర్‌జీబీ లైట్లు, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి రంగులు పుట్టించేవి, ఒకదానితో ఒకటి కలవకపోతే అందరూ ముందు సాఫ్ట్‌వేర్ మీదే పడతారు. నేను ముందు సైడు డోరు తీయమంటాను. ఒక్కో లైటుకు మాట చెప్తున్నదెవరు, ఆ మాట ఏ వైరు మీద వస్తోంది, ఇది తెలియకుండా మౌసు పట్టుకుంటే పొద్దు గూకుతుంది గాని పని తెమలదు. ఆ పిల్లగాని క్యాబినెట్‌లో నాలుగు చోట్ల నాలుగు జబ్బులున్నాయి, నాలుగింటి కారణాలూ వేరు. మీ దాంట్లో ఒకటో రెండో ఉండొచ్చు. ఈ వరుసలో చూసుకుంటూ పోండి.

1. కరెంటు తీసి, కాగితం పట్టుకోండి

షట్‌డౌన్ చేసి, ఎస్‌ఎంపీఎస్ (క్యాబినెట్‌కు కరెంటిచ్చే డబ్బా) వెనక స్విచ్ ఆపి, ప్లగ్ పీకండి. తర్వాత పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. మన దగ్గర పాత ఇళ్లలో సాకెట్‌కు మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక ఎర్త్ వైరు ఉండదు. క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి జిల్లుమంటోందా? అయితే లైట్ల సంగతి పక్కన పెట్టి ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి.

ఇప్పుడు రెండు వైపుల డోర్లూ తీసి ఫోన్‌తో ఫొటోలు కొట్టండి. తర్వాత ఒక కాగితం మీద లైటున్న ప్రతి వస్తువు పేరూ రాసి, దాని వైరును వేలితో పట్టుకుని చివరిదాకా పోండి. ట్యాగులు బిగించి ఉంటే కత్తిరించడానికి మొహమాటపడొద్దు, మళ్లీ వేసుకోవచ్చు. ఆ వైరు మదర్‌బోర్డు మీది లైటు పిన్నులకు పోతుంది. లేదంటే క్యాబినెట్ వెనక, చాలా లైట్ల వైర్లు కలిసే చిన్న హబ్‌కు పోతుంది. లేదంటే మామూలు ఫ్యాన్ పిన్నుకో, ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే మోలెక్స్ వైరుకో పోయి అక్కడే ఆగుతుంది. ర్యామ్‌కు, గ్రాఫిక్స్ కార్డుకు మామూలుగా లైటు వైరే ఉండదు, వాటికి మాట స్లాట్ గుండానే అందుతుంది.

ఫ్యాన్ పిన్నుకో మోలెక్స్‌కో పోయి ఆగిన లైటుతో మీరు చేయగలిగింది ఏమీ లేదు. దానికి కరెంటు అందుతుంది, కబురు అందదు. ఫ్యాక్టరీలో ఏ రంగు పెట్టారో ఆ రంగే. ఆ పిల్లగాని కూలర్ అదే రకం. డబ్బా మీద ఆర్‌జీబీ అని రాసి ఉన్నా సరే, లైటుకు విడిగా వైరు రాకపోతే అది మీ మాట వినదు. దాని ఎదురుగా కాగితం మీద అడ్డగీత కొట్టేసి ముందుకు పోండి. విండోస్ రెండోసారి ఎక్కించింది ఈ కూలర్ కోసమేనట!

2. 5 వోల్టులా, 12 వోల్టులా? ఇక్కడ మాత్రం తొందర వద్దు

మదర్‌బోర్డు మీద లైట్లకు రెండు జాతుల పిన్నులుంటాయి, వీటినే హెడర్లంటారు. నాలుగు పిన్నులు వరుసగా ఉంటే అది 12 వోల్టుల పాత ఆర్‌జీబీ. ఒక పిన్నుకు 12 వోల్టులు, మిగతా మూడు ఆకుపచ్చ, ఎరుపు, నీలం. స్ట్రిప్ (లైట్ల పట్టీ) మొత్తం ఒకే రంగు వెలుగుతుంది, గడికో రంగు రాదు. నాలుగు చోట్లలో ఒక పిన్ను లేకుండా మూడే ఉంటే అది 5 వోల్టుల ఏఆర్‌జీబీ. ఒక పిన్నుకు 5 వోల్టులు, ఒకటి కబురు మోసే డేటా, తర్వాత ఖాళీ, చివరిది గ్రౌండ్. ఇందులో ప్రతి బుడ్డ లైటుకూ తన రంగు తనకుంటుంది.

బోర్డు మీద పేర్లు కంపెనీని బట్టి మారతాయి. ఎంఎస్‌ఐలో 5 వోల్టులది జెరెయిన్‌బో, 12 వోల్టులది జెఆర్‌జీబీ. ఆసుస్‌లో 5 వోల్టులది ఏడీడీ జెన్ 2 అనో ఏడీడీ హెడర్ అనో ఉంటుంది, 12 వోల్టులది ఆర్‌జీబీ హెడర్. గిగాబైట్‌లో 12 వోల్టులది ఎల్‌ఈడీ సీ. పేరు అర్థం కాకపోతే పిన్నులు లెక్కపెట్టండి, పిన్నులు అబద్ధం చెప్పవు.

5 వోల్టుల స్ట్రిప్‌ను 12 వోల్టుల పిన్నులకు పెడితే రెప్పపాటులో కాలిపోతుంది. మంచి ప్లగ్గులకు ఖాళీ పిన్ను చోట రంధ్రం మూసి ఉంటుంది కాబట్టి తప్పు చోట దిగదు. చౌక రకం వాటికి ఆ అడ్డు ఉండదు. నేను మొదట్లో ఒక స్ట్రిప్‌ను ఇట్లాగే తగలబెట్టాను. రాత్రి కరెంటు పోయింది, ఫోన్ టార్చి నోట్లో పెట్టుకుని వేలి తడుముడుతో ప్లగ్ దింపాను. కరెంటు రాగానే స్విచ్ వేస్తే ఒక్కసారి తెల్లగా మెరిసి, కాలిన ప్లాస్టిక్ వాసన కొట్టింది. అంతే, ఇక వెలగలేదు. అప్పట్నుంచి పగటి వెలుతురులో, బోర్డు మీది అక్షరాలు చదివాకే ప్లగ్ పెడుతున్నాను.

12 వోల్టుల ప్లగ్ మీద చిన్న బాణం గుర్తుంటుంది. అది 12 వోల్టుల పిన్ను వైపు రావాలి, తిప్పి పెడితే వెలగదు. 5 వోల్టుల స్ట్రిప్ మీదా బాణాలుంటాయి. వాటి అర్థం వేరు: కబురు పోయే దిక్కు అది. బాణం తోక వైపు నుంచి డేటా ఇవ్వాలి, మొన వైపు నుంచి ఇస్తే స్ట్రిప్ పలకదు.

మీ క్యాబినెట్‌లో ఒక ఫ్యాన్ 12 వోల్టులది, ఒకటి 5 వోల్టులది ఉంటే నడిచే ఇంద్రధనుస్సు ఎప్పటికీ కలవదు. రెండింటికీ ఒకే నిలకడ రంగు పెట్టుకుంటే కలుస్తాయి. ఏ సాఫ్ట్‌వేరూ ఇంతకు మించి చేయలేదు.

3. నాలుగు రంగుల పరీక్ష

ఇప్పుడు ఆన్ చేసి, మదర్‌బోర్డు కంపెనీ వాళ్ల లైటు సాఫ్ట్‌వేర్ ఒక్కటే తెరవండి. ఇంద్రధనుస్సు, శ్వాస, అల లాంటి ఆటలన్నీ ఆపి నిలకడ రంగు పెట్టండి. ముందు పూర్తి ఎరుపు, తర్వాత పూర్తి ఆకుపచ్చ, తర్వాత నీలం, చివరికి తెలుపు. ఒక్కో రంగుకు ఏ వస్తువు ఏం చూపించిందో కాగితం మీద రాయండి. జబ్బు ఎక్కడుందో ఈ నాలుగు గడుల్లోనే తేలిపోతుంది.

ఎరుపు అడిగితే ఆకుపచ్చ, ఆకుపచ్చ అడిగితే ఎరుపు వస్తే అది వరుస తేడా. ఈ లైట్లలో ఎక్కువ వాడే డబ్ల్యూఎస్2812 రకం చిప్ ముందు ఆకుపచ్చ అంకె, తర్వాత ఎరుపు, తర్వాత నీలం తీసుకుంటుంది. కొన్ని చౌక స్ట్రిప్పులకు ముందు ఎరుపు కావాలి. వైరు మార్చితే ఇది పోదు. సాఫ్ట్‌వేర్‌లో రంగుల వరుస మార్చే చోటుంటే మార్చుకోండి, లేకపోతే ఆ స్ట్రిప్‌ను విడి హెడర్‌కు పెట్టి, దానికి వేరుగా రంగు ఇవ్వండి.

12 వోల్టుల స్ట్రిప్‌లో ఒక్క రంగు మాత్రమే రాకపోతే, తెలుపు అడిగినప్పుడు పసుపో ఊదానో వస్తే, ఆ రంగు వైరు ఎక్కడో వదులైంది. ప్లగ్ తీసి పిన్ను వంగిందేమో చూసి మళ్లీ దింపండి.

మూడు రంగులూ బాగానే వచ్చి, తెలుపు మాత్రం స్ట్రిప్ మొదట తెల్లగా, తోకకు పోనుపోను గులాబీగా మారితే అది కరెంటు చాలకపోవడం. ఎరుపు దీపం వెలగడానికి సుమారు 2 వోల్టులు చాలు, ఆకుపచ్చకూ నీలానికీ 3 వోల్టుల దాకా కావాలి. వైరు పొడుగునా వోల్టేజీ తగ్గుతూ పోతే ముందు నీలం, ఆకుపచ్చ సొమ్మసిల్లుతాయి, ఎరుపు నిలబడుతుంది. అందుకే తోక గులాబీ అవుతుంది.

లెక్క వేసుకుంటే ఇంకా తేటగా తెలుస్తుంది. ఒక్కో బుడ్డ లైటు పూర్తి తెలుపులో 50 నుంచి 60 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది. మదర్‌బోర్డు 5 వోల్టుల హెడర్ మామూలుగా ఇచ్చేది 3 ఆంపియర్లు. అంటే 50 లైట్లు దాటితే బండి బరువెక్కినట్టే. మన పిల్లగాడు 60 లైట్ల మీటరు స్ట్రిప్ ఒకటి క్యాబినెట్ చుట్టూ తిప్పి, దాని తోకకు 16 లైట్ల వెనక ఫ్యాన్‌ను తగిలించాడు. మొత్తం 76. గులాబీ రాక ఏమొస్తుంది?

వినాయక చవితి మండపాలకు పిక్సెల్ లైట్లు కట్టే అన్నలకు ఈ సంగతి బాగా తెలుసు. పెద్ద బోర్డు కడితే మధ్యలో ఇంకో చోట నుంచి కూడా పవర్ దించుతారు. మనం క్యాబినెట్‌లో చేసేదీ అదే: కరెంటు ఎస్‌ఎంపీఎస్ సాటా వైరు నుంచి, కబురు మదర్‌బోర్డు నుంచి తీసుకునే హబ్ ఒకటి పెట్టుకుంటే బరువంతా దాని మీదికి పోతుంది. వెనక ఫ్యాన్‌ను స్ట్రిప్ తోక నుంచి తీసి అట్లాంటి హబ్‌కు మార్చగానే గులాబీ పోయింది. హబ్ కొనడం ఇష్టం లేకపోతే వెలుగు సగానికి తగ్గించి చూడండి. రాత్రి పూట ఆ సగమే కళ్లకు హాయి.

ఇక ఒక చోటు దాకా అన్నీ బాగుండి, అక్కడి నుంచి ఆరిపోయినా పిచ్చి రంగులు చూపినా అది వేరే జబ్బు.

4. విస్తరాకుల లెక్క

పెళ్లి బంతిలో విస్తరాకుల కట్ట మొదటి మనిషి చేతికి ఇస్తారు. ఆయన పైనున్న ఆకు తాను తీసుకుని, కట్ట పక్కాయనకు జరుపుతాడు. ఏఆర్‌జీబీలో కబురు కూడా అచ్చం ఇట్లాగే పోతుంది. మొదటి లైటు తన వంతు 24 బిట్లు తీసుకుని మిగతాది పక్క లైటుకు జరుపుతుంది. మధ్యలో ఒకాయన కట్ట పట్టుకుని కూర్చుంటే ఆయన తర్వాత కూర్చున్న వాళ్లకు ఆకుల్లేవు. ఆరిపోయిన చోట మొదటి లైటునో, దాని ముందున్న ఆఖరి మంచి లైటునో అనుమానించండి. మధ్యలో జాయింట్ ఉంటే ముందు దాన్ని గట్టిగా నొక్కి చూడండి.

సాఫ్ట్‌వేర్‌లో లైట్ల సంఖ్య అడిగే గడి ఉంటుంది. దాన్ని చాలామంది పట్టించుకోరు. అక్కడ 8 అని ఉండి, బంతిలో 24 మంది కూర్చుంటే మొదటి 8 మందికే ఆకులందుతాయి. మిగతా లైట్లు ఆరిపోయి ఉంటాయి, లేదా అంతకు ముందు పట్టిన రంగులోనే బిగుసుకుంటాయి. సంఖ్య ఎక్కువ పెట్టినా తంటానే: అల ఆఖరి ఫ్యాన్ దాటి లేని లైట్ల మీద నడిచి వచ్చేదాకా క్యాబినెట్ బోసిపోయి ఉంటుంది.

సరైన సంఖ్య తెలుసుకోవడానికి వెలుగును అట్టడుక్కు తగ్గించండి. పాల రంగు ప్లాస్టిక్ వెనక విడివిడి చుక్కలు కనిపిస్తాయి, ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి లెక్కపెట్టండి. వరుసగా ఒకదాని తోకకు ఒకటి తగిలించిన ఫ్యాన్లయితే అన్నింటి చుక్కలూ కూడాలి. స్ప్లిటర్‌తో చీల్చినవైతే ఒక్క ఫ్యాన్ లెక్క చాలు, ఎందుకంటే అక్కడ అన్ని బంతులకూ ఒకే కట్ట నకలు పోతుంది. అందుకే స్ప్లిటర్ మీద 8 లైట్ల ఫ్యాన్, 16 లైట్ల ఫ్యాన్ కలిపి పెడితే నడిచే రంగులు పొసగవు. వాటిని రెండు హెడర్లకు విడదీయండి, లేకపోతే నిలకడ రంగుతో సర్దుకోండి.

ఒకే స్ప్లిటర్ మీద ఒకే రకం ఫ్యాన్లుండి ఒకటి మాత్రం తేడాగా ఉంటే, దాన్నీ పక్క ఫ్యాన్‌నూ చోటు మార్చి పెట్టండి. తేడా ఫ్యాన్‌తో పాటు పోతే ఫ్యాన్ పోయినట్టు, ఉన్న చోటే ఉంటే వైరు పోయినట్టు. వారంటీ కోసం ఫ్యాన్ పట్టుకుని హైదరాబాద్ బస్సెక్కే ముందు ఈ రెండు నిమిషాల పని చేయండి. నేనొకసారి చేయకుండా పోయి, కొన్న దుకాణంలో వాళ్ల వైరుకు పెట్టి చక్కగా వెలిగించి చూపిస్తే నోరు మూసుకుని వచ్చాను.

5. హబ్‌కు యజమాని ఎవరు?

క్యాబినెట్‌తో వచ్చే హబ్‌కు తన ఆటలు తనకుంటాయి. పైనున్న లైటు బటన్‌తోనో చిన్న రిమోట్‌తోనో అది రంగులు మారుస్తుంది. హబ్ నుంచి మూడు పిన్నుల వైరు ఒకటి వేలాడుతుంటే దాన్ని మదర్‌బోర్డు 5 వోల్టుల హెడర్‌కు పెట్టండి. అది పెట్టినా చాలా హబ్‌లు వెంటనే లొంగవు. లైటు బటన్‌ను మూడు నుంచి ఐదు సెకన్లు నొక్కి పట్టుకుంటే ఒకసారి మిణుకుమని మదర్‌బోర్డు చేతికి వస్తాయి. ముందరి మూడు ఫ్యాన్ల జబ్బు ఇదొక్కటే. బటన్ నొక్కి వదలగానే మూడూ బుద్ధిగా ఎర్రబడితే పిల్లగాడు తల పట్టుకున్నాడు.

హబ్‌కు ఆ మూడు పిన్నుల వైరు లేదా? ఫ్యాన్ ప్లగ్గులు ఆరు పిన్నులవా? అయితే అవి ఆ హబ్‌కే కట్టుబానిసలు. బోర్డుతో కలపాలని చూడకుండా, రిమోట్‌తో ఒక నిలకడ రంగు పెట్టి, మిగతా లైట్లనే దానికి దగ్గరగా తెచ్చుకోండి.

6. ఒక ఒరలో రెండు కత్తులు

ఇప్పుడు మౌసు పట్టుకోవచ్చు. ఆ పిల్లగాని కంప్యూటర్‌లో లైట్లు నడిపే సాఫ్ట్‌వేర్లు మూడు: ఆసుస్ ఆర్మరీ క్రేట్ ఉంది, ర్యామ్ కోసమని కోర్సెయిర్ ఐక్యూ ఉంది, ఎవరో చెప్పారని సిగ్నల్‌ఆర్‌జీబీ కూడా ఉంది. మూడూ ఒకే ర్యామ్‌కు ఒకేసారి మూడు రంగులు చెప్తున్నాయి. ర్యామ్‌కు కబురు పోయే దారి సన్నది, ఇద్దరు ఒకేసారి దూరితే కబురు చెడిపోతుంది. ఒక స్టిక్కు ఒక మాట విని, ఇంకోటి వినకుండా నిలబడిపోయింది.

ఏదో ఒక్కటి ఉంచండి. కిటికీ మూసేస్తే సరిపోదు, వెనక సర్వీసు నడుస్తూనే ఉంటుంది. పూర్తిగా అన్‌ఇన్‌స్టాల్ చేయాలి. విండోస్ 11లో 2023 నుంచి డైనమిక్ లైటింగ్ అని ఇంకో పెత్తందారు చేరాడు. సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్ కింద ఉంటుంది. కీబోర్డు, మౌసు మాట వినకుండా మళ్లీ మళ్లీ వేరే రంగుకు మారుతుంటే దాన్ని ఆపి చూడండి.

తీసేశాక రీస్టార్ట్ చేస్తే చాలదు. ర్యామ్‌లో పాత రంగు అట్లాగే కూర్చుని ఉంటుంది. షట్‌డౌన్ చేసి, ఎస్‌ఎంపీఎస్ స్విచ్ ఆపి, పవర్ బటన్ నొక్కి, ఒక నిమిషం ఆగి ఆన్ చేయండి. అప్పటికీ సాఫ్ట్‌వేర్‌లో ర్యామ్ కనపడకపోతే బయోస్‌లో (విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల తెర) ఎస్‌పీడీ రైట్ డిజేబుల్ అనే గడి ఉందేమో చూడండి. అది ఆన్‌లో ఉంటే ర్యామ్ రంగు మార్చడానికి దారి మూసుకుంటుంది.

వస్తువులు నాలుగు కంపెనీలవైతే నా ఓటు ఓపెన్‌ఆర్‌జీబీ అనే సాఫ్ట్‌వేర్‌కు. ఉచితం, తేలిక, చాలా కంపెనీలతో మాట్లాడుతుంది. ముందు మీ బోర్డు, ర్యామ్ దాని జాబితాలో ఉన్నాయో లేదో చూసుకోండి, అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. హెడర్‌కు లైట్ల సంఖ్య మీరే ఇవ్వాలి, సున్నా ఉంటే చీకటే.

7. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మళ్లీ ఇంద్రధనుస్సు

వానాకాలం సాయంత్రాలు నల్లగొండలో ఇది మామూలే. మీరు పెట్టిన రంగు చాలాసార్లు సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటుంది, లైటులో ఉండదు. విండోస్ లాగిన్ అయ్యి సాఫ్ట్‌వేర్ లేచేదాకా లైట్లు పుట్టుబుద్ధికే పోతాయి. డివైజ్‌లో సేవ్ చేసే బటన్ ఉంటే నొక్కండి, లేకపోతే ఆ అర నిమిషం భరించండి.

షట్‌డౌన్ చేసినా రాత్రంతా గది వెలుగుతోందని ఇంట్లో అమ్మ తిడుతుంటే బయోస్‌లో ఈఆర్‌పీ అనే గడి ఆన్ చేయండి, ఆపాక కూడా లోపలికి పోయే కరెంటును అది కోసేస్తుంది. యూఎస్‌బీలో ఫోన్ చార్జింగ్ కూడా ఆగిపోతుందని ముందే తెలుసుకోండి.

ఇంకో చిన్న మాట. స్ట్రిప్ వెనక డబుల్ సైడ్ టేపును నమ్మొద్దు. మే ఎండలకు జిగురు కారి, స్ట్రిప్ ఊడి గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్‌లో పడుతుంది. రెండు ట్యాగులు కట్టండి.

8. రంగు కలిసినా కలవనట్టు ఉంటే

అన్నీ ఒకే అంకెకు పెట్టినా కంటికి తేడా కనపడొచ్చు. ఒక కంపెనీ తెలుపు పాల తెలుపు, ఇంకో కంపెనీది ట్యూబులైటు తెలుపు. చిప్ వేరు, ముందున్న ప్లాస్టిక్ వేరు. తెలుపు మీద పంతం పట్టకండి, అన్నింటికన్నా మొండి రంగు అదే. ముదురు ఎరుపు, ముదురు నీలం త్వరగా కలుస్తాయి.

మన పిల్లగానికి కావలసింది ఊదా. కూలర్ నీలం దాటదు, కొత్త కూలర్‌కు డబ్బుల్లేవు. అయితే అన్నింటినీ నీలం చేద్దామన్నాను. ట్యూబులైటు ఆపి, ఇద్దరం నేల మీద కూర్చున్నాం. ఎరుపు 0, ఆకుపచ్చ 0, నీలం 255 పెడితే ఫ్యాన్లు ముదురుగా, కూలర్ కొంచెం లేతగా ఉంది. ఆకుపచ్చను ఐదేసి చొప్పున పెంచుకుంటూ పోయాం. ఫ్యాన్లు 40 దగ్గర కలిశాయి, ర్యామ్ 25 దగ్గరే కలిసింది. "ఇంకా జెర పెంచు అన్నా" అన్నాడు. పెంచితే నెమలి రంగుకు పోయింది. మళ్లీ 40కి తెచ్చి సేవ్ చేశాం.